మెడపట్టీ కింద గడ్డ

ఆ రోజు పొద్దున గుండోడు అడవిపంది మీదికి దూకాడు గానీ, మొరగలేదు. నాకు అక్కడే ఏదో తేడాగా అనిపించింది.

గుండోడు మా కుక్క. బద్వేలు పక్కన కొండవారగా మాకు శనక్కాయ చేను ఉంది. పందులు దిగితే చేనంతా తిరగదోడేస్తాయి, వాటికి అడ్డం వాడొక్కడే. మా వైపు కాపలా కుక్కలకు ఇనుప ముళ్ళున్న తోలుపట్టీ కడతారు, చిరుత మెడ పట్టకుండా. కుక్క పెరిగేకొద్దీ ఆ పట్టీని వదులు చేస్తారేగానీ విప్పరు.

ఆ పొద్దున పంది వాడిని ఎత్తి కొట్టింది. కోరతో డొక్క చీల్చింది. అయినా వాడు దాని వెనకకాలు వదల్లేదు. పంది కుంటుకుంటూ కొండెక్కింది. అంత పోరులోనూ వాడి గొంతులోంచి బుసలాంటి గాలి తప్ప ఇంకేమీ రాలేదు.

తర్వాత నీళ్ళు తాగితే దగ్గు, నోటి నుంచి ఒకటే చొంగ. అనుమానం వచ్చి పట్టీ కోసేశాను. దాని కింద, గొంతుకు ఒక పక్కగా, నిమ్మకాయంత గట్టి గడ్డ.

మా ఆయన తుమ్మలపల్లె గనిలో పనికి పోతాడు, ఆదివారాలే ఇంటికి వచ్చేది. పక్కింట్లోనే మా మరిది ఏసోబు, గొర్రెలు మేపుతాడు. వచ్చి గడ్డను నొక్కి చూశాడు.

"వాత పెడితే అణిగిపోతాది వదినా. మా నాయన ఎద్దులకు పెట్టేటోడు గదా."

"వద్దు ఏసోబూ. రేపు కడపకు తీసకపోతా. దాన్ని ముట్టుకోవద్దు."

సరేనని తలూపాడు. నేను బిందె తీసుకుని నీళ్ళకు పోయాను. తిరిగొచ్చేటప్పుడు వీధి మొదట్లోనే కాలిన వెంట్రుకల వాసన తగిలింది. బిందె అక్కడే పారేసి పరిగెత్తాను.

ఏసోబు గుండోడి కాళ్ళు కట్టేసి, మూతికి తాడు చుట్టి, ఎర్రగా కాల్చిన కొడవలి గడ్డ మీద ఆనించాడు. గుండోడికి అరవడానికి గొంతు లేదు. తాళ్ళు తెంపుకుని ఏసోబు ముంజేయి పట్టేశాడు, ఎముక దాకా. గడ్డలోంచి రక్తం చిమ్మింది. నేను చేరేలోపే గుండోడు వీధిలోకి దూకాడు. నోట్లో నురగ, మెడ నిండా రక్తం.

ఎవరో అరిచారు: "పిచ్చికుక్కప్పా! ఏసోబును కరిచినాది! కొట్టండి!"

పిచ్చికుక్క కాటుకు మనిషి ఎట్లా పోతాడో చూసిన ఊరు మాది. ఆ భయం నాకూ తెలుసు. కానీ నాలుగు ఇళ్ళ నుంచి కర్రలు బయటికొచ్చాయి, ఏమైందని అడిగినోడు ఒక్కడు లేడు. చర్చి గోడ మూలకు తరిమారు. మొదటి దెబ్బ వాడి తుంటి మీద పడింది. నేను వాడి మీద పడ్డాను. రెండో దెబ్బకు నా మణికట్టు పటుక్కుమంది.

ఎడమచేత్తో ఇటుక ఎత్తాను. "పిచ్చి కాదురా, గొంతులో గడ్డ! ఇంకొకడు కర్ర ఎత్తితే తల పగలగొడతా!"

ఆగారు. జాలితో కాదు, నేను అన్నంత పనీ చేస్తానని తెలిసి. నిజంగానే చేసేదాన్ని.

కొంగుతో చేయి కట్టుకుని, గుండోడిని ఎక్కించుకుని ఆటోలో కడప పశువుల ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ గ్లవ్స్ వేసుకుంటూనే, "పిచ్చికి టీకా ఏయించినారా?" అని అడిగింది. ఏటా వేయిస్తామన్నాను. అయినా ఏసోబును వెంటనే సూదులు వేయించుకోమంది, కుక్కను కట్టేసి కనిపెట్టుకోమంది. డొక్కకు కుట్లు వేసి, తర్వాత మెడ చూసింది.

"ఎవరమ్మా కాల్చింది? ఈ గడ్డ నిండా రక్తనాళాలే. ఇంకొంచెం లోతుకు పోయుంటే శవాన్ని తెచ్చేదానివి."

ఎఫ్‌ఎన్‌ఏసీ అని, పరీక్షకు గడ్డలోని కణాలు లాగడానికి సూది గుచ్చితే ముందు రక్తమే వచ్చింది. మళ్ళీ గుచ్చారు. రిపోర్టు చూసి, "థైరాయిడ్ కార్సినోమా. క్యాన్సరే" అంది. మా వీధి ఆడోళ్ళు పొద్దున్నే మింగే మాత్రల వల్ల థైరాయిడ్ మాట తెలుసు. కుక్కకు కూడా వస్తుందని ఎవరనుకుంటారు? అక్కడే కూలబడి ఏడ్చాను.

తిరుపతి పెద్ద పశువుల ఆసుపత్రికి పంపారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గడ్డ లోపల మరీ అతుక్కోలేదు, ఆపరేషన్ చేయొచ్చన్నారు. "రక్తం ఎక్కువ పోతే టేబుల్ మీదే పోవచ్చు" అని కూడా అన్నారు. పోతే పోరాడే పోనీ, చేయండన్నాను.

బతికాడు. బయటికొచ్చిన సర్జన్, "గడ్డ తీసేసినాం. గొంతు నరం దాంట్లోనే చిక్కుకోనుండాది, కాపాడలేకపోయినాం. ఇంక మొరగడు" అన్నాడు.

ఇంటికొచ్చాక వాత పెట్టిన చోట చర్మం కుట్లు పట్టలేదు. తెగి, చీము పట్టి, పుండు నోరు తెరిచింది. ఒంటిచేత్తో కడిగేదాన్ని. మంటకు వాడు నా చేతిని నోట పట్టేవాడు, పన్ను దించేవాడు కాదు.

ఏసోబును క్షమించమని పాస్టరు గారు చెప్పారు. ప్రార్థనలో క్షమిస్తాను. ముసురు పట్టి మణికట్టు లాగినప్పుడు వాపసు తీసుకుంటాను.

ఇప్పుడు గుండోడు చేనికి వస్తున్నాడు. రోజూ మాత్ర, అప్పుడప్పుడు ఎక్స్‌రే. మళ్ళీ రాదని డాక్టరమ్మ మాటివ్వలేదు. పంది కనబడితే వాడు నా కొంగు పట్టి లాగుతాడు, అరవడం నా పని.

మొన్న ఏసోబు వాకిట్లో నిలబడ్డాడు. గుండోడు పళ్ళు చూపించాడు, చప్పుడు లేదు.

"వదినా, పొట్టేలికి దవడ కింద గడ్డ లేసినాది. ఆ డాక్టరమ్మ యాడుంటాదో చెప్పు."

వాడి ముంజేతి మీద పంటి గాట్లు అట్లాగే ఉన్నాయి. చెప్పాను.

మీకూ అదే చెప్తున్నా. కుక్కను కడిగినప్పుడల్లా పట్టీ విప్పి, మెడ రెండు పక్కలా చేత్తో తడమండి. గడ్డ తగిలినా, మొరుగు మారినా నిప్పు జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి పోండి.

ఏసోబు పొట్టేలికి వచ్చింది ఉత్త చీముగడ్డ, కోసి కట్టు కట్టారు. ఇప్పుడది పక్క దొడ్లో గట్టిగా అరుస్తుంది. అరిచినప్పుడల్లా గుండోడు తల ఎత్తి వింటాడు.