దీవి గుడి దగ్గర చెప్పుల కాపలా

మా అత్తమ్మ గుడి దాకా వస్తుంది, గుళ్లోకి రాదు. మామయ్య దవాఖానలో ఉన్నప్పుడు ఆమె మొక్కని దేవుడు లేడు. అయినా ఆయన దక్కలేదు. అప్పట్నుంచి ఏ గుడికి వెళ్లినా, "మీరు పొయ్యి రండ్రి, చెప్పులు నేను చూస్త" అని కారులోనే కూర్చుంటుంది. కారు లాక్ చేస్తే చెప్పులు ఎక్కడికీ పోవని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా వినదు. మాది కడప వైపు. గుడి కనబడితే దండం పెట్టకుండా నా చెయ్యి ఊరుకోదు. ఆమె ఒక్కసారి లోపలికొస్తే చాలని ఎంతగా అనుకునేదాన్నో. ఆ మాట పైకి అంటే ఇంట్లో యుద్ధమే.

ఇంతలో మాదాపూర్ ఆఫీసు మా ఆయన్ని పని మీద పెరూకి పంపింది. నేనూ సెలవు పెట్టాను. గుళ్లూ గోపురాలూ తిప్పకపోతేనే వస్తానని అత్తమ్మ షరతు పెట్టింది. ఆ దేశపు సరిహద్దు దగ్గర టిటికాకా సరస్సులో ఒక దీవి, దాని మీద సూర్యుడికి కట్టిన పాతకాలపు గుడి. అది చూడాలని మా ఆయనకి ఎప్పట్నుంచో కోరిక. తల్లికి మాత్రం చెరువు చూడ్డానికని చెప్పాడు. ఖాజాగూడలో చెరువు లేదా అని ఆమె దారి పొడవునా సణిగింది. పడవెక్కాక మాత్రం అవతలి గట్టు ఎక్కడుందా అని వెతుకుతూ కూర్చుంది.

"గింత చెరువును గిట్లనే ఇడిశిపెట్టిన్రా? మన దగ్గరైతే ఈపాటికి ప్లాట్లేస్తుండె" అంది చివరికి. పొలాలన్నీ ప్లాట్లయిపోయిన గోపన్‌పల్లిలో పుట్టి పెరిగిన మనిషి, ఆమెకి తెలియని ప్లాట్లా.

దీవి మీద మెట్లెక్కుతుంటే ఊపిరందలేదు. పైన రాతిగోడలు, పొట్టి గుమ్మాలు కనబడగానే ఆమెకి సంగతి అర్థమైపోయింది. కొడుకు వైపు ఒక చూపు చూసి బండ మీద కూర్చుంది. నేను అలవాటుకొద్దీ బూట్లు విప్పాను, మా ఆయనా విప్పాడు. అక్కడ ఎవరూ విప్పరని మాకు తట్టనేలేదు. చీర మీద స్వెట్టరు, నెత్తిన మంకీ క్యాపుతో మా బూట్ల ముందు బైఠాయించిన అత్తమ్మను వెనకొచ్చిన ఇద్దరు తెల్లవాళ్లు చూశారు. ఇదే ఇక్కడి ఆచారమనుకున్నారేమో, తమ బూట్లూ విప్పి ఆమె ముందు పెట్టి, వంగి నమస్కారం చేసి వెళ్లారు. ఆమె వాటినీ వరసగా సర్దింది. నాకు నవ్వాగలేదు.

మేం బయటికొచ్చాక లోపల ఏ దేవుడని అడిగింది. ఇప్పుడు ఎవరూ లేరు, ఖాళీ గదులేనని మా ఆయన చెప్పాడు. ఆమె మెల్లగా తన లేసులు విప్పుకుంది.

"జర నా బూట్లు చూడు బిడ్డ."

"లోపల దేవుడు లేడత్తమ్మా" అన్నాను.

"లేడనే పోతున్న. ఉంటే కొట్లాటయితది."

తల వంచి ఆ పొట్టి గుమ్మంలోకి వెళ్లింది. ఎంతసేపటికీ రాలేదు. మా ఆయన వెళ్లబోతే వద్దన్నాను. వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. చలికి అంది. నాకూ ఏడుపొచ్చింది, నేనూ చలికే అన్నాను.

మొన్న శనివారం గోపన్‌పల్లి గుడి ముందు కారాపాం. నా చెప్పులు అప్పగించబోతే అత్తమ్మ తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది.

"ఉన్నడా లోపల?"

ఉన్నాడన్నాను. కాసేపు గుడి వైపు చూసి కాలు వెనక్కి తీసుకుంది.

"అయితే ఇంకొన్ని దినాలు ఆగుదాం బిడ్డ."