గేటు ముందు ఊడ్చిన ఇసుక

పోయిన నెలలో ఒక ఉదయం నేను ఈ అరబ్బు దేశంలో, ఫింటాస్‌లో పనిచేసే ఇంట్లో పప్పు కడుగుతుంటే, యజమానురాలి పెద్దకొడుకు ఆసుపత్రి నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మ వెళ్ళిపోయింది" అన్నాడు. నేను కుళాయి కట్టేసి, అక్కడే నిలబడి నాకు వచ్చిన ప్రార్థన చేసుకున్నాను. సాయంత్రానికల్లా ఖననం కూడా అయిపోయింది.

ఇక్కడ ఇళ్ళలో పనిచేసే మేము యజమానురాలిని మామా అంటాం. ఈ మామాకు నేను చాలా ఏళ్ళు వంట చేసిపెట్టాను. ఆమె ఎవరినీ తొందరగా నమ్మే మనిషి కాదు. నేనూ ఆమెను తొందరగా నమ్మలేదు.

మామా బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. తనలాంటి కొందరితో కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకుంది. ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకుని, ఊరికి దూరంగా కొంత ఎడారి చుట్టూ కంచె వేశారు. లోపల ఏమీ కట్టకూడదు, గుడారాలు వేయకూడదు, మేకల్నీ ఒంటెల్నీ తోలకూడదు, కార్లు పోకూడదు. నేలను దాని మానాన బతకనివ్వడమే వాళ్ళ పని. లాభం ఎవరికీ లేదు.

ఆ చివరి మాటే నాకు మింగుడుపడలేదు. కోనసీమలో మా ఊరి చివర, ఏటి ఒడ్డున గేదెలు మేసే ఖాళీ నేల ఉండేది. పచ్చదనం కాపాడతామంటూ ఒక సంఘం వాళ్ళు వచ్చి కంచె వేశారు. ఏడాది తిరక్కుండానే అందులో రొయ్యల చెరువులు తవ్వారు.

మొదటిసారి నన్ను ఆ ఎడారికి తీసుకెళ్తున్నప్పుడు మా డ్రైవరు కూడా అదే అన్నాడు. అతనిది కడప దగ్గర పల్లె.

"ఏందక్కా, ఇసుకకు కంచె ఏసేది యాడన్నా సూసినావా? రేపు ఈడ పెద్ద రిసార్టు లేస్తాది సూడు. మనం టీ కొట్టు పెట్టుకునేకి ఇప్పుడే జాగా అడుగుదాం."

"మెల్లగా తమ్ముడూ, ఆవిడ చెవిలో పడుద్ది" అన్నాను.

వెనక సీట్లోంచి మామా అరబిక్‌లో అడిగింది. "మీ ఇద్దరూ నా గురించేనా?"

ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. అనుమానం మాత్రం బాగా వచ్చు.

ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్ళేవాళ్ళం. శుక్రవారం నాకు ప్రార్థన కూటం ఉంటుందని ఆమే రోజు మార్చింది. ఇంత దయ ఎందుకా అని నేను కొన్నాళ్ళు దాన్నీ అనుమానించాను.

కారు గేటు బయటే ఆగాలి. మామా కంచె వెంట నడుస్తూ ఒక్కో తీగనూ పట్టి లాగి చూసేది. తెల్లటి రాయి ఒకటి ఉండేది. ఎప్పుడూ దాని పక్కనే నిలబడి, ఒకే వైపు తిరిగి ఫోటో తీసేది. నేల మీద మొక్కలు పెరుగుతున్నాయో, తరుగుతున్నాయో ఆ ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసుకునేది. ఎండాకాలంలో అక్కడ బూడిదరంగు పుల్లలు తప్ప ఏమీ ఉండేవి కావు.

"ఇవి చచ్చిపోయాయి మామా" అన్నాను ఒకసారి.

"అలా నటిస్తాయి. నమ్మకు" అంది.

వానలు పడ్డాక ఆ పుల్లలే చిగిర్చి పసుపుపచ్చగా పూశాయి. అర్ఫజ్ అంటారు ఆ పొదల్ని. కంచెకు అవతల మాత్రం చక్రాలు తొక్కిన చాళ్ళు, బోసి నేల. ఆ రోజు నా అనుమానం సగం తగ్గింది.

తిరిగి వచ్చేముందు ఆమె ఖర్జూరపు ఆకుల చీపురుతో గేటు ముందున్న ఇసుకను వెనక్కి నడుస్తూ ఊడ్చేది. మళ్ళీ వారం వచ్చేసరికి ఎవరైనా లోపలికి వెళ్ళారా లేదా అన్నది ఆ ఇసుకే చెప్పాలి. వాకిలి ఊడ్చే ఊళ్ళో పుట్టినదాన్నే గానీ, ఎడారి ఊడ్చే మనిషిని ఆమెనే చూశాను. ఎవరైనా వచ్చి ఈ చోటు ఎంత బాగుందో అని మెచ్చుకుంటే, వాళ్ళు వెళ్ళాక నాతో అనేది: "వీళ్ళ మీద ఒక కన్నేసి ఉంచు."

ఒక చలికాలం పెద్దకొడుకు కంచె లోపల గుడారం వేసుకుంటానన్నాడు.

"పిల్లల కోసమే అమ్మా. రెండు రాత్రులు."

"గేటు బయట వేసుకో."

"సొంత కొడుకుని కూడా నమ్మవా?"

"నిన్ను నమ్ముతాను. నీ కారుని నమ్మను."

అతను నెల రోజులు ఇంటికి రాలేదు. ఆమె లోపల్లోపల కుమిలింది గానీ మాట మార్చలేదు. నియమం పెట్టుకున్నప్పుడు ముందుగా తమను తామే అనుమానించుకున్నామని చెప్పింది. తమలో ఎవరు అడిగినా కాదనాలని అందరూ మాటిచ్చుకున్నారట.

ఆమె పోయాక ఆ మాటకే పరీక్ష వచ్చింది. చనిపోయినవాళ్ళ పేరున దారినపోయేవాళ్ళ కోసం చల్లని నీళ్ళ కుళాయి పెట్టించడం ఇక్కడి ఆచారం. తల్లి పేరున ఆ కుళాయిని ఆ కంచె లోపలే పెట్టిస్తానన్నాడు పెద్దకొడుకు. సంఘం వాళ్ళు ఇంటికొచ్చి కూర్చున్నారు. నేను టీ అందిస్తున్నాను. "కుళాయే కదా, కట్టడం కాదుగా" అన్నారొకరు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎదురుగా కంట తడి పెట్టుకున్న కొడుకు, పైగా పుణ్యకార్యం. అంత తేలిగ్గా అందరూ తలలూపడం చూసి నాకు భయం వేసింది.

ఆ శనివారం పెద్దకొడుకుతో కలిసి నేనూ డ్రైవరూ చోటు చూడ్డానికి వెళ్ళాం. నేను దారి పొడుగునా ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. దాహం తీర్చడం నా దేవుడికీ ఇష్టమే. దాన్ని వద్దనడానికి నేనెవరిని? అతను గేటు తెరిచి కారు లోపలికి పోనిమ్మన్నాడు. డ్రైవరు నా వైపు చూశాడు.

"బాబా, కుళాయికి నీళ్ళు ఎలా వస్తాయి?" అని అడిగాను. పెద్దకొడుకుని నేను బాబా అంటాను.

"ట్యాంకరు తెస్తుంది."

"ట్యాంకరు ఎటునుంచి వస్తుంది?"

అతను గేటు వైపు చూశాడు. గేటు లోంచి అర్ఫజ్ పొదల వైపు చూశాడు.

"అచ్చం అమ్మలా అడుగుతున్నావు."

"ఆమె ఉంటే నన్నూ అనుమానించేది బాబా, ఇవాళ ఇది ఇంతగా మాట్లాడుతోందేంటని."

నవ్వబోయి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఖలాస్. ఇంటి గోడకే పెడదాం" అన్నాడు. ఇప్పుడు ఫింటాస్‌లో మా ఇంటి బయట రోడ్డు పనివాళ్ళు ఆ నీళ్ళే తాగుతున్నారు.

ఆ రోజు కారు బయటే వదిలి లోపల నడిచాం. అతను తీగలు లాగి చూశాడు. తెల్లరాయి పక్కన ఫోటో తీశాడు. బయటికొచ్చాక డిక్కీలోంచి చీపురు తీశాడు. అది అక్కడే ఉందని అతనికెలా తెలుసో నాకు తెలియదు. పుట్టి బుద్ధెరిగాక చీపురు పట్టిన మనిషి కాడు.

"అక్కా, బాబా ఊడుస్తాండాడు! ఫోటో తీయ్" అని గొణిగాడు డ్రైవరు.

ఈ మాట మీద ఇతను ఎన్నాళ్ళు నిలబడతాడో నేను చెప్పలేను. శనివారం వెళ్ళి చూడాల్సిందే. ఆ రోజుకు మాత్రం అతను వెనక్కి వెనక్కి నడుస్తూ ముందు నా అడుగులు, తర్వాత డ్రైవరువి, చివరికి తనవి చెరిపేశాడు. గేటుకు తాళం అప్పటికే పడింది. దాని ముందు ఇసుక నున్నగా, ఒక్క గుర్తూ లేకుండా ఉంది.