మేస్టారి చేతికివ్వని చెంబు

పాతపట్నం సంతలో నిలబడి నరకం గురించి చెబుతుండగా నాకు ఆ కబురు అందింది. బొమ్మల చుట్ట కొయ్యకు వేలాడుతోంది. కర్ర చేతిలో ఉంది, గ్రంథం చంకలో ఉంది. నరసన్నపేట నుంచి వచ్చిన బెల్లం వర్తకుడొకాయన జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "అయ్యగారూ, కాసేపాపండి. మీ డ్రాయింగు మేస్టారు నిన్న పోనారు. మూడ్రోజుల జొరం" అన్నాడు. అంటూనే తలెత్తి బొమ్మకేసి చూశాడు. తర్వాత నాకేసి చూశాడు. జనంలో కలిసిపోయాడు.

ఆ బొమ్మలో మంటల మధ్య నిలబడి నీళ్ల కోసం చెయ్యి చాపిన మనిషి ముఖం మా డ్రాయింగు మేస్టారిదే. గీసింది నేనే.

చదువరులారా, పోయినవారి గురించి మంచి మాటలు చెప్పడం లోకంలో ఉన్నదే. నేను చెప్పబోయేవీ మంచి మాటలే. అవి ఆయనవి. చెడ్డవి ఏమైనా కనబడితే అవి నావి.

నేను అయిదో తరగతి దాటినవాణ్ణి కాను. గ్రంథం కూడా ఎవరూ చెప్పకుండా అక్షరాలు కూడబలుక్కుని చదివినవాణ్ణే. ఊరూరా తిరిగి బోధించేవాణ్ణి. మిషను వారిచ్చిన బొమ్మల చుట్టలో అందరూ తెల్లవాళ్లు, పొడుగు అంగీలవాళ్లు. శ్రీముఖలింగం అవతల ఒక పల్లెలో ఒక ముసలమ్మ ఆ బొమ్మల్ని తేరిపార చూసి, "ఈళ్లేవూరోళ్లు బాబూ? మన అంబలి తాగుతారేటి ఈళ్లు?" అంది. జనం గొల్లుమన్నారు. మన ముఖాలతో బొమ్మలు నేనే గీసుకోవాలని ఆ రోజే పట్టుపట్టాను.

అది అరవై ఆరో సంవత్సరం. నాకు ముప్పై ఏళ్లు. నరసన్నపేట హైస్కూలుకు వెళ్లి, "మేస్టారూ, నాకు నరకం గియ్యడం నేర్పండి" అన్నాను.

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "నరకమూ వద్దు, సొర్గమూ వద్దు. ముందు సెంబు గియ్యి" అని స్టూలు మీద ఇత్తడి చెంబొకటి పెట్టారు.

హెడ్మాస్టరుగారిని ఒప్పించి, శనివారాల్లో తొమ్మిదో తరగతి పిల్లల వెనక బెంచీ మీద నన్ను కూర్చోబెట్టారు. మొదటి రోజే ఒకడు, "అయ్యగారు గూడా తప్పినారేట్రా?" అన్నాడు. మేస్టారు సుద్దముక్క కింద పెట్టకుండానే, "ఆయన తప్పలేదురా, ఇప్పుడే సేరినాడు. నువ్వు సేరి నాలుగేళ్లయినా సేరనట్టే ఉన్నావు" అన్నారు. ఆ తర్వాత నన్ను చూసి ఎవరూ నవ్వలేదు.

చెంబు మూతి గుండ్రంగా గీశాను. "ఇదేటి?" అన్నారు.

"చెంబు మూతి గుండ్రమే కదా మేస్టారూ."

"గుండ్రమని నీకు తెలుసు. నువ్వు కూసున్న కాడినించి గుండ్రంగా కనబడతన్నాదేటి? కోడిగుడ్డు పడుకున్నట్టు లేదూ? కనబడ్డది గియ్యి బోధకుడూ. తెలిసింది గియ్యకు."

ఆ వానాకాలమంతా చెంబే. తర్వాత చెంబు పక్కన డబ్బా, డబ్బా పక్కన తెరిచిన పుస్తకం. రబ్బరు అడిగితే ఇచ్చేవారు కాదు. తప్పిన గీత పక్కనే ఒప్పు గీత గియ్యమనేవారు. మర్నాడు సర్కారువారి డ్రాయింగు లోయరు పరీక్షనగా ఆ చెంబును కళ్లు మూసుకుని గీయగలిగాను. లోయరు పాసయ్యాను. నా బతుకులో నేను పాసయిన పరీక్ష అదొక్కటే. ఆయన జేబులోంచి తన మెత్తటి పెన్సిలు తీసి, బ్లేడుతో చెక్కి, నా చెవి మీద పెట్టారు.

దాని పై పరీక్ష హయ్యరు. దానికి నీడలు, రంగులు. ఎరుపు సీసా తెరిచిన రోజున, "దీని కాడ జాగర్త. ఎరుపు పడకముందే ఆలోసించు. పడ్డాక దాని మీద నువ్వెంత తెలుపు పూసినా కిందనించి తేలిపోతాది" అన్నారు. మనిషి ముఖం నేర్పమంటే, "మనిషిని గియ్యాలంటే మనిషిని సూడాల. ఈ ఊర్లో నీకోసం కదలకుండా ఎవడు కూకుంటాడు?" అని తనే కూర్చున్నారు. అన్నం వేళల్లో, స్టూలు మీద, చెంబు ఉండే చోట. ఎడం చెవి కొంచెం పైకి, కుడి చెవి కిందికి. కింది పెదవి మీద సున్నానికి కాలిన మచ్చ. రెండేళ్లు ఆ ముఖమే చూశాను. ఇంకో ముఖం నేర్చుకోలేదు.

నరకం గీసేనాటికి నా చేతికి వచ్చిన ముఖం అదొక్కటే. కావాలని పెట్టానా అంటే, లేదు. తెలియక పెట్టానా అంటే, అలా అనడానికి గ్రంథం చంకలో పెట్టుకున్నవాడికి నోరు రాదు. ఆయన మా మందిరం గడప తొక్కినవారు కారు. అలాంటివారు ఎక్కడికి పోతారో నాకు తెలుసనుకున్నాను. తెలిసింది గీశాను.

మొదటిసారి నరసన్నపేటలోనే చుట్ట విప్పాను. "ఓలమ్మో, ఇది మన డ్రాయింగు మేస్టారు గాదేటి!" అని ఒకావిడ అరిచింది. జనం విరగబడి నవ్వారు. నవ్వుల వెనక నిలబడి ఆయన కూడా చూస్తున్నారు. గొడుగు ముడిచి, దగ్గరికొచ్చి, బొమ్మను చాలాసేపు పరకాయించారు.

"ఎడం సెవి కిందకి పెట్టీసినావు" అన్నారు. తర్వాత, "ఈడు నీళ్లడుగుతన్నాడా?"

"అవును మేస్టారూ."

"వానాకాలమంతా సెంబు గియ్యడం నేర్పినాను గదురా. ఒక్క సెంబు నా సేతికివ్వలేకపోనావా?"

నవ్వుతూనే అన్నారు. నేను తల దించుకుని ముఖం మారుస్తానన్నాను. "మారుస్తావులే. హయ్యరు ఫారం నింపి ఉంచినాను. శనివారం రా" అని వెళ్లిపోయారు.

నేను మార్చలేదు. ఆ శనివారం వెళ్లలేదు. మరే శనివారమూ వెళ్లలేదు. నరసన్నపేట దాటాకే ఆ బొమ్మ విప్పేవాణ్ణి. ఆ ముఖాన్ని చూసి జనం ఏడ్చేవారు, మోకరించేవారు. నరకంలో ఉన్నది తమ పక్కింటాయనలా ఉన్నాడు గనక భయపడేవారు. నేర్చుకున్న విద్య పనిచేస్తోందని గర్వపడ్డాను. హయ్యరు ఫారం సంగతి ఆయన ఏం చేశారో నాకు తెలియదు.

కబురు విన్న మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. మేస్టారి భార్య అరుగు మీద కూర్చుని ఉంది. "బాబూ, ఫొటో ఒక్కటీ లేదు" అంది. "బడిలో తీసిన గ్రూపు ఫొటోలో ఎవుడో పిల్లోడు కదిలినాడని అటు తిరిగిపోనారు. సగం బుర్రే పడ్డాది. నువ్వు ఆయన్ని కూసోబెట్టి గీసేవోడివి గదా. ఒకటుంటే ఇయ్యి బాబూ. పన్నెండో నాటికి గోడకి పెట్టుకుంటాం."

పెన్సిలుతో గీసిన కాగితాల వెనక మంటలు సాధన చేసి ఎప్పుడో చింపేశాను. కొత్తగా గీద్దామని వారం రోజులు కూర్చున్నాను. ముఖం వస్తోంది గాని నోరు మూసుకోవడం లేదు. ఎన్నిసార్లు గీసినా దాహమేసిన నోరే. గ్రంథం తెరిచాను. నేను ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకున్న పేజీల దగ్గరే తెరుచుకుంటోంది. ఆయన ఎక్కడున్నారని అడిగితే, సంతల్లో నేను అరిచిన జవాబే నాకూ చెప్పింది. మోకాళ్ల మీద ఎంతసేపున్నా మరో జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

పదకొండో నాటి మధ్యాహ్నం చుట్టలోంచి ఆ బొమ్మను కోశాను. మంటల మీద తెలుపు పూశాను. ఆరాక మళ్లీ పూశాను. చాపిన చేతిలో చెంబు గీశాను. కళ్లు మూసుకున్నా వచ్చే చెంబు. మూతి కోడిగుడ్డులా సరిగ్గా కుదిరింది. కుదిరిందని చెప్పడానికి ఆయన లేరు.

పన్నెండో నాడు ముసురు. పైనున్న తెలుపు ఇంకా చెమ్మగానే ఉంది. ఆవిడ బొమ్మను ఒళ్లో పెట్టుకుని, "ఆయనే" అంది. పెదవి మీద మచ్చను వేలితో తాకింది. "ఈ సెంబు మాదే బాబూ. బడికని పట్టుకెళ్లి మరి తేనేదు" అంది. తర్వాత కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"భుజం కాడ ఈ ఎర్రేటి బాబూ?"

 

ఏదో మరక అనుకుని ఆవిడ చీర కొంగు తడిపి తుడిచింది. తెలుపు కొంగుకు అంటుకుంది. మళ్లీ తడిపి మళ్లీ తుడిచింది. తుడిచినకొద్దీ భుజం చుట్టూ, చెవుల చుట్టూ, చెంబు చుట్టూ ఎరుపు తేలుతోంది. ఆవిడ తుడుస్తూనే ఉంది.