దెబ్బ పడాలె, ఆగాలె

మా మామయ్యగారు మొన్న మంగళవారం పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ పోయారు. ఫోన్ చేసినవాళ్లందరూ పెద్ద వయసే కదా, సుఖంగా పోయారు అంటున్నారు. ఎవరి సుఖం గురించి చెబుతున్నారో నాకు అర్థం కావడం లేదు. ఆ మనిషి ఒక్క కోరిక కోరారు. అదీ మా వల్ల కాలేదు.

ఆయన ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపారు. ఇంజను పక్కనే రొదపెట్టే పాత బస్సులు. ముందు ఎడమ చెవి పోయింది, తర్వాత కుడిది. మిషన్ పెడితే గిన్నెల చప్పుడు తప్ప మాట తెలిసేది కాదు. మనవళ్ల మాటలు పోయినందుకు బాధపడ్డారు గానీ, డప్పు వినపడకుండా పోవడాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయారు. బోరబండలో ఆయన పాత దోస్తులు బోనాలకు కొట్టే డప్పు అంటే ఆయనకు ప్రాణం.

నేను కారు కొన్నాక ఒకరోజు అందులో సబ్ వూఫర్, అదే లోతు దెబ్బలు అదిరేలా మోగించే స్పీకరు పెట్టె, పెట్టిద్దామన్నారు. చెవికి ఎక్కనిది ఒంటికి తగులుతుందని ఎవరో చెప్పారట. మావారు నవ్వి ఊరుకున్నారు. షాపుకు నేనూ మామయ్యగారే వెళ్లాం. షాపతను అన్నిటికంటే పెద్దది, పెట్టెకు రంధ్రం ఉన్నది చూపించి, అద్దాలు వణుకుతాయన్నాడు. మామయ్యగారు పెట్టె మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు.

"ఇది గుయ్యిమని మోగుతనే ఉన్నది. నాకు మోత వద్దు. దెబ్బ పడాలె, ఆగాలె" అన్నారు.

చివరికి చిన్నది, నాలుగు పక్కలా మూసేసిన పెట్టె తీసుకున్నాం. దానిలో ఒక్కో దెబ్బ విడివిడిగా తెలిసేది.

వైర్ల మీద మాత్రం వేరే చెయ్యి పడనివ్వలేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక ఆదివారం మేమిద్దరమే కూర్చున్నాం. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టారు. కరెంటు వైరు ఒక పక్క నుంచి, పాట వైరు ఇంకో పక్క నుంచి డిక్కీలోకి లాగారు, రెండూ కలిస్తే ఇంజను ఈల పాటలోకి వస్తుందట. ఎర్త్ కోసం డిక్కీలో పెయింటు గీకుతుంటే, కొత్త కారు కదా, నా ప్రాణం విలవిల్లాడింది. ఆయన చెవిటితనాన్ని అడ్డం పెట్టుకుని నా గోల వినపడనట్టే గీకారు.

అంతా చేసి డప్పు రికార్డింగు పెడితే సీటులో ఏమీ తెలియలేదు. ఆయన ముఖం ఎంత వాడిపోయిందో ఇప్పటికీ కళ్లముందే ఉంది. కాసేపటికి లేచి చూస్తే స్పీకరు వైర్ల ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయి, వేసింది ఆయనే. బస్సుకు గిట్ల చేస్తే డిపో దాక తోసుడే అని తనను తానే తిట్టుకుని మార్చారు. ఈసారి దెబ్బ నేరుగా వీపుకు తగిలింది. ఆయన కళ్లు మూసుకున్నారు. మోకాలి మీద వేళ్లు ఆడాయి.

"ఇగ ఇనవడుతున్నది, అమ్మా" అన్నారు.

అప్పటి నుంచి కాస్త చుట్టయినా ఆయన్ని బోరబండలో దింపి మాదాపూర్‌లో ఆఫీసుకు వెళ్లేదాన్ని. ఆ దారిలోనే ఒకసారి, సిగ్నల్ దగ్గర, డప్పు ఆపమని సైగ చేసి చెప్పారు. "నేను పోయిననాడు డప్పు కొట్టియ్యుండ్రి. మందిని పిలవకున్నా మంచిదే. చప్పుడు లేకుంట మాత్రం పంపకుండ్రి. చెవులు లేకున్నా ఒంటికి ఇనవడ్తది."

ఆయనకు కనపడేలా తలూపాను.

మంగళవారం ఆయన దోస్తులు డప్పులతో వచ్చారు. గేటు పక్కన కాగితాలకు నిప్పు పెట్టి, తోలు బిగిసేలా డప్పులు కాచుకుంటుంటే సెక్యూరిటీ అతను నీళ్లు పోసి ఆర్పేశాడు. అసోసియేషన్ సెక్రటరీ ఎంతో మర్యాదగా, అందరూ ఇళ్లలో మీటింగుల్లో ఉన్నారండీ, అర్థం చేసుకోండి అన్నాడు. శ్మశానం దగ్గరైనా కొడతామన్నారు ఆ పెద్దలు. మావారు చేతులు జోడించి, వద్దు కాకా, ఇప్పటికే అందరం అలసిపోయాం అన్నారు. మామయ్యగారి మాట మావారికి చెప్పాను, కానీ కొడుకు ఆయన కదా, చివరి మాట ఆయనదే. పెద్దలు తడిసిన బూడిద పక్కన డప్పులు చంకన పెట్టుకుని నిలబడ్డారు.

మామయ్యగారిని తీసుకుని అద్దాల బండి కదిలింది. అత్తయ్యగారూ మావారూ అందులో ఎక్కారు. వెనక కారులో నేను ఒక్కదాన్నే. ఆఫీసుల మధ్య ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అద్దాలు ఎత్తి రికార్డింగు పెట్టాను. దెబ్బ పడింది, ఆగింది. మళ్లీ పడింది, ఆగింది. పక్క సీటు ఖాళీగా ఉంది. ముందు బండిలో పడుకున్న ఆయన ఒంటికి ఒక్కటీ చేరడం లేదు. అన్నీ నా వీపుకే తగులుతున్నాయి.