వాసన లేని పెళ్ళి

నా చిన్నప్పుడు మా వీధిలో ఏ పెళ్ళి కుదిరినా, పురోహితుడి తరవాత కబురు వెళ్ళేది మా పెద్దమ్మకే. పూలు ఎంచడానికి. అప్పటి గోపాలపట్నం ఇప్పటిలా హైవే పక్కన ఇరుక్కున్న బజారు కాదు. ఇంటింటికీ పెరడు, పెరట్లో ఏదో ఒక పూలమొక్క ఉండేవి. అయినా పెళ్ళి పూలకి పెద్దమ్మ రావాల్సిందే. పెళ్ళయ్యాక వారం దాకా ఆడవాళ్ళు ఆ పూల గురించే చెప్పుకునేవారు. పెద్దమ్మ వినీ విననట్టు ఉండేది గానీ, ఆ మాటలంటే ఆమెకెంత ఇష్టమో నాకు తెలుసు. పిల్లలు లేని మనిషి. పెద్దనాన్న పోర్టు డ్యూటీకి వెళ్ళిపోతే ఇంట్లో ఆమెకు తోడుండేది ఆ మెప్పు ఒక్కటే.

మా పిన్ని పెళ్ళికి కూడా ఆమే ఎంచింది. ఆ పెళ్ళి వైశాఖంలో, శుక్రవారం, పొద్దుటి ముహూర్తానికి జరిగింది. మా వాళ్ళలో కొందరు గురువారం అంటారు. గురువారం వేసింది పందిరి. పెళ్ళి శుక్రవారమే. నాకప్పటికి తొమ్మిదేళ్ళు నిండాయి.

పిన్ని అంటే మా అమ్మకీ పెద్దమ్మకీ కడగొట్టు చెల్లెలు. అంతకుముందు కార్తీకంలో ఆమెకు టైఫాయిడ్ వచ్చి చావు తప్పింది. బతికితే తలనీలాలు ఇప్పిస్తానని అమ్మమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. పిన్ని లేచి నడవగలిగాక కొండకు తీసుకెళ్ళి, బయటివాళ్ళకి తెలియకుండా మొక్కు తీర్చారు. ఆ తర్వాత, ఎవరూ అనుకోకుండా మంచి సంబంధం కుదిరింది. తాతయ్య మగపెళ్ళివారికి ఏదీ దాచలేదు. దేవుడికిచ్చిన జుట్టే కదా, మళ్ళీ రాదా అన్నారట వాళ్ళు. పెళ్ళికొడుకు నవ్వి ఊరుకున్నాడట.

కానీ పందిట్లో కూర్చునేది ఆ నలుగురే కాదు. పిన్నికి అప్పటికి జుట్టు బెత్తెడు కూడా లేదు. దేవుడికిచ్చినదానికి సిగ్గేమిటని పెద్దవాళ్ళు తేలిగ్గానే అనేవారు. పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఆ మాట చాలదు.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు, మధ్యాహ్నం పూట, పెద్దమ్మ పిన్నిని పెరట్లో కూర్చోబెట్టింది. ఉన్న కాస్త జుట్టునీ నల్లదారంతో బిగించి, క్లిప్పులు పెట్టి, సవరం తగిలించింది. వట్టి సవరం బాగానే నిలిచింది. దాని మీద ఒక మల్లెదండ చుట్టి, తలంబ్రాలు పోస్తున్నట్టు వంగమంది. పిన్ని వంగింది. సవరం దండతో సహా జారి ఒళ్ళో పడింది.

పిన్ని ఏడవలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తూ, "అందరి ముందూ ఇలాగ పడిపోతే? నాను పీటల మీద కూకోనక్కా. నాన్నకి నువ్వే సెప్పీ" అంది.

"పడదు. పూలెంచేది నాను కదా" అంది పెద్దమ్మ. ఆ పైన నా వైపు తిరిగి, "ఇది మన ముగ్గురి మధ్యే ఉండాల" అంది.

చిక్కంతా తాతయ్య చెల్లెలితో వచ్చింది. పెళ్ళికూతురికి పూలజడ మేనత్త చేయించడం మా ఇళ్ళలో ఆనవాయితీ. ఆవిడ బొబ్బిలి వైపు నుంచి ఆ పని కోసమే రెండు రోజుల ముందు దిగింది. జడ నిండా సింహాచలం సంపెంగలు, మధ్యలో గులాబీలు, చివర మల్లెచెండ్లు, అన్నీ మనసులో కట్టేసుకుని మరీ వచ్చింది. మనిషి మంచిదే. కానీ ఆవిడకు ఒక సంగతి చెబితే బొబ్బిలి దాకా చెప్పినట్టే. పిన్ని తల సంగతి ఆవిడకు తెలియదు.

ఆవిడ దిగిన మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ, ఆవిడ, మధ్యలో నేను, కొండ కిందికి పూలకి వెళ్ళాం. సంపెంగల కాలం. బుట్టలు కనబడకముందే వాసన తగిలింది. ఆవిడ మొదటి బుట్ట దగ్గరే కూర్చుంది. పెద్దమ్మ కూర్చోలేదు. సంపెంగలు చూసి, తలనొప్పి తెస్తాయి అంది. గులాబీలు చూసి, రేకులు రాలతాయి అంది. మల్లెలు పొద్దెక్కేసరికి కమిలిపోతాయి అంది. నాలుగు బుట్టలు దాటేసరికి పూలమ్మే ఆమెకు విసుగొచ్చింది. "ఏటమ్మా, పువ్వులు కొంతన్నావా, పువ్వులకి పెళ్ళిసూపులు సేత్తన్నావా?" అంది. పక్కనున్న వాళ్ళంతా నవ్వారు.

చివరికి పెద్దమ్మ కనకాంబరాల దగ్గర ఆగింది. దోసెడు తీసి అరచేతిలో ఉంచుకుని చూసింది. ఎన్ని పట్టుకున్నా చేతిలో ఏమీ లేనట్టే ఉంటాయవి. "ఇవి సాలు" అంది.

"సంపెంగలు ఒగ్గేసి కనకాంబరాలేటే? నీ ముక్కుకేటైనా జలుబు సేసిందా?" అంది తాతయ్య చెల్లెలు.

"లేదత్తా. ఈసారి నాకివే నచ్చాయి."

"పెళ్ళిపందిట్లో వాసనుండొద్దా? ఊరందరికీ ఎంచిపెట్టి, సొంత సెల్లెలికి ఇలాగేనా ఎంచడం? నీ సెయ్యి పడిపోయిందే."

పెద్దమ్మ మెడ వరకూ ఎర్రబడింది. నాకు మాట నాలిక చివరిదాకా వచ్చింది. తప్పు వింటే దిద్దకుండా ఉండలేని బుద్ధి నాకు అప్పటికే ఉంది. పెద్దమ్మ అది కనిపెట్టి, కనకాంబరాల పొట్లం నా రెండు చేతుల్లో పెట్టి, "నలిపీకు, జాగ్రత్తగా అట్టుకో" అంది. దారి పొడవునా ఆ పొట్లాన్నీ, ఆ మాటనీ కలిపి పట్టుకుని నడిచాను.

తాతయ్య చెల్లెలు అలిగి తప్పుకుంటే, జడ పెద్దమ్మే కట్టింది. పలచటి గుడ్డ పట్టీ మీద కనకాంబరాలు వరసలు వరసలుగా కుట్టి, తలుపు వేసుకుని పిన్నికి తగిలించింది. పట్టీని రెండు చోట్ల రవికకు కలిపి కుట్టేసింది. పందిట్లోకి వచ్చేసరికి పిన్ని వీపు మీద నిప్పురంగు పాయ ఒకటి దిగినట్టుంది. చాలా బాగుంది. కానీ ఎవరూ బాగుందనలేదు. వాసన ఏదని వెతికారు.

తలంబ్రాల వేళ తాతయ్య చెల్లెలు వెనక నుంచి వచ్చి, ఆ జడను చేత్తో పైకెత్తి, "సూడండమ్మా, మా పెద్దపిల్ల ఎంపిక" అని నలుగురికీ చూపించింది. రవిక కొంచెం లాగింది గానీ, తల మీద వెంట్రుక కదలలేదు. పిన్ని తలంబ్రాలు దోసిట నింపుకుని, వంగి, పెళ్ళికొడుకు నెత్తిన పోసేసి పకపకా నవ్వింది. రోగం వచ్చాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. పెద్దమ్మ స్తంభం పక్కన నిలబడి చూస్తోంది. ఆమెను చుట్టూ వెక్కిరిస్తున్నారు. ఆమె ముఖంలో మాత్రం, బోలెడు మెప్పు అందుకుంటున్న మనిషి కళ ఉంది.

దానికి వాసన లేని పెళ్ళి అని పేరు పడిపోయింది. ఆ శ్రావణంలోనే మా వీధిలో పెళ్ళికి పూలెంచడానికి ఇంకొకరిని పిలిచారు. తర్వాత కూడా పెద్దమ్మకు కబురు రాలేదు. పేరంటానికి వెళ్ళి, ఎవరెంచిన పూలైనా తలలో పెట్టుకుని, బాగున్నాయని చెప్పి వచ్చేది. నేను ఉండబట్టలేక ఒకసారి అడిగాను, నిజం చెప్పేయొచ్చు కదా అని.

"సెప్తే నా పేరు నాకొచ్చేత్తాది. దాని గుట్టు పోతాది గదే" అని, పప్పు ఏరుకుంటూ ఉండిపోయింది.

నాకిప్పటికీ మా ఇంట్లో తప్పులు దిద్దే మనిషినని పేరు. ఎవరైనా ఆ పెళ్ళి గురువారం అంటే శుక్రవారం అని దిద్దుతాను. పెద్దమ్మ చెయ్యి పడిపోయిందన్న మాటను మాత్రం, ఎన్ని పెళ్ళిళ్ళలో విన్నా, దిద్దలేదు. ఈ మధ్య పిన్ని మనవరాలి పెళ్ళిలో మళ్ళీ ఆ ముచ్చట వచ్చింది. పిన్ని నన్ను పక్కకు పిలిచింది. తెల్లటి ముడి, ఇప్పటికీ గుప్పెడు నిండా ఉంటుంది. "అక్క పోయి కూడా మాట పడతంది. నా బోడిగుండు సంగతి ఇప్పుడెవుడికి కావాలే? నువ్వు రాసీ" అంది.

అందుకే రాశాను. ఆ రోజున మా పెద్దమ్మ పూలు సరిగ్గానే ఎంచింది. ఎవరి ఎంపికైనా నాకు తప్పుగా కనిపిస్తే, దిద్దడానికి నోరు తెరిచే ముందు, నా రెండు చేతుల్లో ఆ బరువు లేని పొట్లం ఇంకా ఉన్నట్టే అనిపిస్తుంది. నలపకుండా పట్టుకుంటాను.