వేసవి కాపురం

మా పెదనాన్న కూతురు లిబ్రాడా ఎవారిస్తోని పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు కొండమీద ఎవరూ నమ్మలేదు. అతను సముద్రం మనిషి. శాన్ ఇగ్నాసియో దగ్గరి సముద్రపు పాయలో చేపల పడవ నడిపేవాడు. చలికాలం తిమింగలాలు పిల్లల్ని కనడానికి పాయలోకి రాగానే, వాటిని చూడ్డానికి వచ్చే జనాన్ని అదే పడవలో తిప్పేవాడు.

అక్కది కంచరగాడిదల బతుకు. మా లోయల్లో గుహల గోడలమీద ఎర్రగా నల్లగా చేతులెత్తి నిలబడ్డ పాతకాలపు బొమ్మలున్నాయి. వాటికోసం వచ్చేవాళ్ళని గాడిదలమీద కిందికి దింపి, మళ్ళీ పైకి తెచ్చేది. తోలు కాలితొడుగులు, గడ్డం కింద ముడేసిన టోపీ. మాట తక్కువ. ఒకసారి ఎవారిస్తో ఒక బృందానికి వంటవాడుగా కొండెక్కాడు. లోయలోకి దిగేటప్పుడు గాడిద మెడ వాటేసుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వుకోసమే రెండోసారి ఎక్కానని తర్వాత అతనే చెప్పాడు.

"కొండమేకకీ సముద్రపు కొంగకీ కాపురం ఎక్కడే?" అంది పెద్దమ్మ ఫెర్మీనా.

"మేక దిగదులే. కొంగే ఎగిరొస్తుంది," అంది అక్క.

అలాగే జరిగింది. కొండకీ సముద్రానికీ జనం వచ్చేది చలికాలమే. ఇక్కడ అక్కకి, అక్కడ అతనికి ఊపిరాడని పని. ఎండలు ముదిరి, బండలు పేలుతున్నట్టుండే రోజుల్లో యాత్రికుల జాడ ఉండదు. అప్పుడొచ్చేవాడు ఎవారిస్తో. ఆరుబయట మంచాలు వేసుకునేవాళ్ళు. తిమింగలం తల్లి పిల్లని వీపుమీదికి ఎలా ఎత్తుకుంటుందో, నీళ్ళలోంచి కన్ను తేల్చి మనిషిని ఎంతసేపు చూస్తుందో చెప్తూ ఉండేవాడు. అక్క అటు తిరిగి పడుకునేది. గాలివానలు వెళ్ళి మొదటి చల్లగాలి వీచగానే అతను మూట సర్దేవాడు. మావాళ్ళు అతనికి 'వేసవి మొగుడు' అని పేరు పెట్టారు. అక్క వినీ విననట్టు జీను తోమేది.

ఒక ఏడాది చలికాలం కొందరు నడకరాయుళ్ళు వచ్చి, కొండనుంచి సముద్రందాకా ఎడారి దాటి నడుస్తామన్నారు. పెద్దవాళ్ళు తలలు అడ్డంగా ఊపారు. "నీళ్ళెక్కడున్నాయిరా? దారెవరికి తెలుసు?"

"నేను తీసుకెళ్తా," అంది అక్క.

పెద్దమ్మ మూతి తిప్పింది. "చెప్పవే, మొగుణ్ణి చూడాలనుందని."

అక్క బుగ్గలు ఎర్రబడడం నేనదే మొదటిసారి చూడడం. రొట్టెలు కాల్చడానికి నేనూ బయలుదేరాను. పాయ దగ్గరున్న ఎవారిస్తోకి ముందే కబురు పంపాం.

ఎడారిలో రోజులు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోయాయి. కొవ్వొత్తుల్లా సన్నగా సాగిన చెట్లు కొసలు వంచి మమ్మల్నే చూస్తున్నట్టుండేవి. తెల్లారేసరికి సముద్రంనుంచి పొగమంచు వచ్చేది. జెముడు ముళ్ళ చివర్లనుంచి చుక్కలు జారేవి. గాడిదలు ముళ్ళు తప్పించి ఆ చుక్కల్ని నాకేవి. ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు.

చివరి ఉదయం మంచు విడవలేదు. కాళ్ళకింద ఉప్పునేల మెత్తబడింది. ముందు నడిచే మోరా అనే గాడిద ఆగిపోయింది. తోసినా కదలలేదు. అటూ ఇటూ బురద. ఎటు అడుగేస్తే ఎటు దిగబడతామో! అక్క దిగి, దాని మెడమీద చెయ్యేసి నిలబడింది. ఎక్కడో పెద్ద ఊపిరి వదిలిన చప్పుడు. ఇంకోటి.

"ఏం గాడిదే అది, అంత పెద్ద ఊపిరి?" అన్నాను.

"గాడిద కాదే," అంది అక్క. నీళ్ళున్న వైపు చెవి ఒగ్గింది.

అంతలో మంచులోంచి ఒక మగ గొంతు. "మోరా! మోరా! ఇటు రావే, తల్లీ!"

అందరిముందూ పెళ్ళాం పేరు పిలవడానికి సిగ్గు మా బావకి. ప్రతి వేసవీ తనకి ఖర్జూరాలు తినిపించే ఆ గొంతు వినగానే మోరా చెవులు నిక్కబొడుచుకుంది. గట్టి నేల వెతుక్కుంటూ నడక మొదలుపెట్టింది. దాని వెనకే మేమంతా. ఒడ్డున రబ్బరు బూట్లలో ఎవారిస్తో. అక్కని చూసి టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"టోపీ ఒకచోట ఉంచవయ్యా బావా, చిరిగిపోతుంది," అన్నాను.

మధ్యాహ్నానికి మంచు పలచబడింది. బావ పడవలో అక్క అంచు చెక్కని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. తిమింగలం తల్లి పడవకిందనుంచి నెమ్మదిగా, ఒక కొండ నీడలా వెళ్ళింది. పిల్ల మాత్రం పక్కనే తేలి ముక్కు ఎత్తింది. అక్క ఒక చెయ్యి వదిలి దానిమీద వేసింది.

"నానబెట్టిన తోలులా ఉంది," అంది. "ఇన్నేళ్ళూ నువ్వు చెప్తుంటే కోతలనుకున్నా."

"నువ్వు నిద్రపోయేదానివిగా?"

"ఒక్కరోజూ నిద్రపోలేదు."

బావ పడవ నడపడం మరిచిపోయాడు. అలలే ఎటో తీసుకెళ్ళాయి.

ఆ నడకదారి తర్వాత ప్రతి చలికాలం సాగింది. ఎడారి మధ్య ఒక పాత బావి దొరికితే, పక్కన ఇద్దరూ కలిసి తాటాకు పాక వేశారు. యాత్రికులు అక్కడ ఒకరోజు ఆగుతారు. ఇతను కాల్చిన చేపలు తెస్తాడు, ఆవిడ మేకజున్ను తెస్తుంది. మొన్న చలికాలం నేను వెళ్ళేసరికి పట్టపగలు అక్క చాపమీద హాయిగా నిద్రపోతోంది. బావ గుమ్మంలో కూర్చుని, నన్ను చూసి నోటిమీద వేలేసుకున్నాడు.