కార్డు వెనక పెన్సిలు రాత

కంప్యూటరు గదిలోకి పోవాలంటే చెప్పులు గుమ్మం బయట విడవాలి. ఎనభైల మొదట్లో అదొక నియమం. దుమ్ము పడితే యంత్రం పాడవుతుందని చెప్పేవారు. ప్రారంభం రోజున దాని ముందు కొబ్బరికాయ కొట్టి, దానికి ఇంత కుంకుమ పులిమినవాళ్ళు దుమ్ము సంగతి మాట్లాడితే నాకు ఒళ్ళు మండేది. ఆ యంత్రం మూసీకి అవతల పెద్ద విశ్వవిద్యాలయంలో ఉండేది. మా గ్రంథాలయం ఇవతల, పాతబస్తీలో. అయిదు విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు కలిసి, ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో మొత్తం ఒకే జాబితాగా ఆ యంత్రంలోకి ఎక్కించాలని ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని నడిపించే పని నా నెత్తిన పడింది. మూడు వారాల శిక్షణకు ఎవరు వెళ్తారని అడిగితే మిగతా గ్రంథాలయాల నుంచి వచ్చిన నలుగురూ కిటికీలోంచి బయటికి చూశారు. నేను సరే అన్నాను. అంతే నా అర్హత.

మాది కృష్ణా జిల్లా. ఉద్యోగం కోసం వచ్చి గౌలిపురలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేదాన్ని. పొద్దున్నే మేతకెళ్ళే గేదెల మధ్య దారి చేసుకుంటూ ఆఫీసుకు పోవాలి. మా సందు చివరింట్లోనే మా గ్రంథాలయంలో కార్డులు రాసే పెద్దాయన ఉండేవారు. నాకంటే పాతికేళ్ళు పెద్ద. పుట్టింది ఆ ఇంట్లోనే. ఆయన్ని నేను మాస్టారూ అనేదాన్ని. ఆయన ఆఫీసులో నన్ను మేడమ్ అని, సందులోకి రాగానే బిడ్డా అని పిలిచేవారు. అప్పటికే ఆయన కళ్ళకు నీటికాసులు వచ్చి చూపు మెల్లగా తగ్గిపోతోంది. ఆ వేసవిలో ఆయనకు రిటైర్మెంటు.

మా గ్రంథాలయం పాత ఖాందాన్లు, అంటే పేరున్న పెద్ద కుటుంబాలు, ఇచ్చిన పుస్తకాలతో పుట్టింది. ఇచ్చినవాళ్ళందరిదీ ఒకటే షరతు: మా పుస్తకాలను ఒకదాన్నుంచి ఒకటి విడదీయొద్దు, వాటి మీద ఏ చీటీ అంటించొద్దు. అందుకని ఏ ఇంటి పుస్తకాలు ఆ ఇంటి బీరువాలోనే ఉండేవి. ఒక హకీముగారి బీరువాలో వైద్యం పక్కన వంటలు, వంటల పక్కన గాలిపటాల మాంజా తయారీ. పుస్తకాల వీపు మీద నంబరు లేదు, గుర్తు లేదు. మరి కావలసింది ఎలా దొరికేది? ఆయన రాసిన కార్డు ముందు వైపు పుస్తకం పేరు, రాసినవాళ్ళ పేరు సిరాతో ఉండేవి. వెనక వైపు పెన్సిలుతో ‘మూడో గది, ఏడో బీరువా, రెండో అర, కుడి నుంచి పన్నెండు’ అని ఉండేది. పెన్సిలు ఎందుకంటే, వానకు కప్పు కారినప్పుడల్లా బీరువాలు జరిపేవారు. జరిపిన ప్రతిసారీ ఆయన రబ్బరుతో చెరిపి మళ్ళీ రాసుకునేవారు. నేను చేరిన రెండో ఏడు పెద్ద వాన పడి సగం బీరువాలు గదులు మారాయి. ఆయన రెండు నెలలు తలెత్తకుండా కూర్చుని కార్డులన్నీ మళ్ళీ రాశారు. ఆ రెండు నెలలే ఆయన కళ్ళను తినేశాయని వాళ్ళావిడ నాతో అంది.

ఎవరైనా వచ్చి పుస్తకం అడిగితే, ఆయన సొరుగు లాగి, కార్డు తీసి, తిప్పి, కళ్ళకు ఆనించుకుని చదివి లేచేవారు. రోజుకు ఎన్నోసార్లు నేను చూసిన దృశ్యం అది. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నాకు తెలియక జరిగిందని ఎవరూ నన్ను వెనకేసుకు రాకూడదు.

ఇక నా ఘనకార్యం. అయిదు గ్రంథాలయాల కార్డులూ పెట్టెల్లో కంప్యూటరు గదికి పంపాలి, అక్కడివాళ్ళు వాటిని చూసి యంత్రంలోకి ఎక్కించాలి. దానికొక ఫారం తయారు చేసి సైక్లోస్టైలు తీయించింది నేనే. ‘కార్డు వెనక సమాచారం ఉందా?’ అని ఒక ప్రశ్న పెట్టాను. లేదు అన్నవాళ్ళ కార్డుల ముందు వైపే ఎక్కిస్తారు, పని కాగానే కార్డులు తీసిపారేస్తారు అని కింద చిన్న అక్షరాల్లో రాయించాను. అన్ని పెట్టెలు దాచడానికి అక్కడ చోటు లేదు మరి. నెల గడిచినా మిగతా నలుగురిలో ఒక్కరూ ఫారం పంపలేదు. ఫోను చేస్తే ఒకరు ఊళ్ళో లేరు, ఒకరి గుమస్తా సెలవు, ఇంకొకరైతే, “కర్ఫ్యూ ఉంది కదండీ మీ వైపు, అందుకని ఆగాం” అన్నారు. కర్ఫ్యూ మా వైపు అయితే వాళ్ళ కలానికేమొచ్చింది?

ఆ కోపంతోనే మీటింగుకు వెళ్ళాను. అందరి ముందూ ఫారం బల్ల మీద పెట్టి, “ఇదేమన్నా బ్రహ్మవిద్యా? చూడండి, ఒక్క నిమిషం పని!” అని నోరు పారేసుకుని, గడియారం చూసుకుంటూ మా గ్రంథాలయం ఫారం నింపేశాను. వెనక సమాచారం దగ్గర ‘లేదు’ అని టిక్కు పెట్టాను. ఆ క్షణాన నా బుర్రలో ఉన్నవి కొత్త పుస్తకాలకు నేను టైపు కొట్టిన కార్డులు. వాటి వెనక నిజంగానే ఏమీ ఉండదు. మిగతావాళ్ళు సిగ్గుపడి అక్కడికక్కడే ఫారాలు నింపారు. గెలిచానని మురిసిపోయాను. ఇంటికొచ్చి పెసరట్టు వేసుకు తిన్నాను కూడా.

కార్డుల కోసం జీపు వచ్చిన రోజున మాస్టారు ఒక్కొక్క సొరుగునూ తనే మోసుకొచ్చి పెట్టెలోకి వంచారు. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ఆఖరి పెట్టె మీద చెయ్యి ఆనించి అడిగారు.

“మేడమ్, ఇవి వాపస్ వస్తయి గదా?”

“ఎందుకు రావు మాస్టారూ? రెండు నెలల్లో తెప్పిస్తాను.”

“నీ మాట మీద ఇస్తున్న బిడ్డా.” ఆఫీసులో ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదలు. నా ఫారంలో నేనేం రాశానో నాకు ఆ క్షణాన గుర్తే లేదు. నిజంగా లేదు.

ఆయన రిటైరయ్యారు. తర్వాత కొద్ది రోజులకే జాబితా వచ్చింది. అంచుల్లో చిల్లులున్న పొడుగాటి కాగితాల దొంతర, కట్ట విప్పితే చాపలా పరుచుకునేది. మా పుస్తకాల పేర్లన్నీ అందులో ఉన్నాయి. ఇక మిగతా నాలుగు చోట్ల నుంచీ చీటీలు రావడం మొదలైంది. మీ దగ్గర ఫలానా పుస్తకం ఉందట, పంపండి. నేను బీరువాల ముందు నిలబడేదాన్ని. ఏ గది, ఏ బీరువా? అప్పుడు తెలిసింది నాకు. కంప్యూటరు గదికి ఫోను చేశాను.

“మా కార్డులు అర్జంటుగా వెనక్కి పంపండి.”

“ఏం కార్డులు మేడమ్?” అన్నాడు అక్కడి సూపర్‌వైజరు. “మీరు వెనక ఏం లేదని రాసిన్రు గదా. మీ ఫారం ప్రకారమే రద్దీ కాయితాలల్ల తీసేసినం. ఏంది, నేనేమన్న గలతీ చేసిన్నా?”

పాపం, అతను ఏ తప్పూ చేయలేదు. నేను ఎన్ని చెప్పినా అతను నా ఫారం నాకే చదివి వినిపించాడు.

పాత కాగితాలు కొన్నతన్ని పట్టుకుంటే, దళసరి అట్టలు ధూల్‌పేట్‌లో గాలిపటాల వాళ్ళకు పోయాయనీ, మిగతావి కాగితం మిల్లుకు పోయాయనీ చెప్పాడు. ధూల్‌పేట్ సందుల్లో రంగులు వేయని వినాయకుళ్ళ మధ్య రెండు రోజులు తిరిగాను. ఒకామె దారం చుట్టే అట్టముక్కలు చూపించింది. అందులో ఒకదాని మీద ఆయన రాత ఉంది: ‘ఏడో బీరువా, రెండో అర’. తిప్పి చూస్తే ముందు వైపు కత్తిరింపులో పోయింది. ఏ పుస్తకానిదో తెలియదు. రోడ్డు మీదే ఏడ్చాను. ఆమె నాకు మంచినీళ్ళిచ్చి, ఆ ముక్క ఊరికే ఉంచుకోమంది.

మళ్ళీ మొదటి నుంచి కార్డులు రాయిద్దామని మా పైఅధికారిని అడిగాను. “కంప్యూటరుంది కదమ్మా, మళ్ళీ కార్డులెందుకు?” అన్నాడాయన. సొరుగుల బల్ల అప్పటికే తీయించి, ఆ చోటులో జాబితా కాగితాలు పెట్టించాడు. వచ్చిన చీటీల మీద ‘దొరకలేదు’ అని రాసి పంపడమే నా పని అయిపోయింది. మీటింగుల్లో మాత్రం మా పథకం దివ్యంగా నడుస్తోందని నేనే చదివి వినిపించేదాన్ని.

మాస్టారికి ఏమీ చెప్పలేదు. ఆయన అప్పటికి పూర్తిగా చూపు పోయి వాకిట్లో మంచం మీద కూర్చునేవారు. ఆయన కంట పడకూడదని, కన్నే లేని మనిషి కంట పడకూడదని, నేను వెనక సందులోంచి చుట్టు తిరిగి పోయేదాన్ని. ఎంత చేతకానితనమో చూడండి. ఒకరోజు వెనక సందులో మురుగు తవ్వి పెట్టారు. గత్యంతరం లేక ఆయన వాకిలి ముందు నుంచే వచ్చాను.

“ఎటు పోతున్నవ్ బిడ్డా? నీ చెప్పుల చప్పుడు నాకెరుకే,” అన్నారు. కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పారు. వాళ్ళ నాన్న పాలవాడు, పశువులకు వైద్యం కూడా చేసేవాడట. చదువు లేదు. తను చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు నాన్న చెబుతుంటే ఆ మందులన్నీ ఒక నోటుబుక్కులో రాశారట. దాన్ని మన గ్రంథాలయానికే ఇచ్చేశారు. “నాకు బీరువా యాడిది? పెద్దోళ్ళ బీరువాల సందు జూసి పెట్టిన. గా బుక్కు జర తెచ్చి చదువు బిడ్డా. మా బాపు ఎట్ల మాట్లాడేటోడో గట్లనే రాసిన. ఒక్కపారి వినాలనుంది.”

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఒక్కొక్క బీరువా తెరిచాను. సన్నటి పుస్తకాలకు చెద పడుతుందని నాలుగైదు కలిపి ఒకే అట్టలో కుట్టించేవారు అక్కడ. ఆ నోటుబుక్కు ఏ ఉర్దూ పుస్తకం కడుపులో ఉందో! పదకొండు బీరువాలు చూశాను. మరుసటి ఏడు వానాకాలం వచ్చింది, కప్పు కారింది, బీరువాలన్నీ హడావుడిగా కింది గదుల్లోకి దించి ఒకదానికొకటి ఎదురుగా ఆనించేశారు. తలుపులు తెరవడానికి కూడా వీల్లేదు. ఇంక దొరకదని అప్పుడే అర్థమైంది.

మాస్టారు మూడుసార్లు కబురు పంపారు. చివరికి జాబితాలోంచి ఆ ఒక్క కాగితం చింపి పట్టుకు వెళ్ళాను.

“దొరికిందా బిడ్డా?”

“కంప్యూటరులో ఉంది మాస్టారూ. పశువుల వైద్యం అని వచ్చింది. మీ నాన్నగారి పేరు కూడా వచ్చింది.”

“మా బాపు పేరా? మిషన్ల ఎక్కిందా?” ఆయన ముఖం వెలిగిపోయింది. మళ్ళీ చదవమన్నారు, చదివాను. వాళ్ళావిడను పిలిచి ఆమె ముందు ఇంకోసారి చదివించారు. “మరి బుక్కేది?”

“ఎక్కడ పెట్టారో మీకేమన్నా గుర్తుందా?”

“గుర్తెందుకు పెట్టుకుంట? రాసిన గదా,” అని నవ్వారు. “కార్డు తిప్పి జూడు. వెనక ఉంటది.”

నా చేతిలోని కాగితం తిప్పాను. ఎందుకు తిప్పానో తెలియదు. “వెనక ఏమీ లేదు మాస్టారూ,” అన్నాను.

“చెరిగిపోయినట్టుంది. పెన్సిల్ గదా,” అన్నారు. “నాదే గలతీ బిడ్డా. గా ఒక్కటన్న ఇంకుతోటి రాయాల్సింది. నువ్వు ఫికర్ జెయ్యకు.”

కాదు మాస్టారూ, అనాలి నేను. నోటి దాకా వచ్చింది. ఆయన చెయ్యి నా చేతిని వెతుక్కుంటూ వచ్చి, దొరకగానే మెల్లగా తట్టింది. నేను తట్టనిచ్చాను.